షావుకారమ్మ వంటగది

లక్ష్మణమ్మ వేలి కణుపులతో గోడ మీద టకటకా కొట్టి, చెవి ఆనించి విన్నది. ఎక్కడా డొల్ల శబ్దం లేదు. దాంతో ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది.

“ఏటే, బాగున్నాదా?” అన్నాడు మొగుడు పోతురాజు గుమ్మంలో నిలబడి.

“సూడనీ. నువ్వు కట్టినాదని నువ్వే బాగుందంటే సాల్దు.”

నెల్లిమర్లలో ఆ ఇంటిని పాతికేళ్ళ కిందట షావుకారు సీతారామారావు గారికి కట్టిన మేస్త్రి పోతురాజే. షావుకారు పోయారు. ఆయన భార్య రాజకుమారి పుట్టింటివాళ్ళున్న సాలూరుకు మారిపోతూ ఇల్లు అమ్మకానికి పెట్టింది. “ముందు కట్టిన మనిషినే అడుగుతున్నాను. పదకొండింటికి వస్తాను, ఔననో కాదనో చెప్పాలి. కొత్తవలస పార్టీ కాచుక్కూచుంది” అని కబురు పంపింది.

పోతురాజు మనసులో ఎప్పుడో ఔననేశాడు. ఎందరికో ఇళ్ళు కట్టి, విజయనగరం శివార్లలో రేకుల షెడ్డులో అద్దెకుంటున్న మనిషి మరి. కానీ లక్ష్మణమ్మ ఊ అనందే పని జరగదు. ఇరవయ్యేళ్ళు సిమెంటు తట్టలు మోసిన ఆడమనిషి. కట్టుబడి సంగతి ఏ ఇంజనీరుకూ తీసిపోకుండా తెలుసు.

ఈ ఇంటి పనికి మాత్రం ఆమె రాలేదు. ఆ ఏడాది చంటిపిల్లతో ఇంటిపట్టునే ఉంది. మొగుడి నోట ఒకటే మాట: రాజకుమారమ్మ గారి ఇల్లు, రాజకుమారమ్మ గారి వంటగది. కంచం ముందు కూర్చున్నా అదే గోల. తోటి కూలీలు లక్ష్మణమ్మను చూసి కిసుక్కుమనేవారు. అప్పుడు మొదలైన కడుపుమంట ఇన్నేళ్ళయినా చల్లారలేదు.

అందుకే ఈ ఇంటికి ఒక్క వంకైనా దొరకాలి. ఒక్కటంటే ఒక్కటి.

మేడ ఎక్కి శ్లాబు చూసింది. పిట్టగోడ మొదట్లో చెమ్మ ఉందేమోనని గోటితో గీరింది. పొడిగా ఉంది. కిందికొచ్చి చెంబుడు నీళ్ళు నట్టింట్లో ఒలకబోసింది. నీళ్ళు ఎక్కడా నిలవకుండా తిన్నగా తూములోకి పోయాయి. కిటికీ మూలల్లో పగుళ్ళ కోసం వెతికింది. ఊఁహూఁ.

“పునాదిలో ఏటేసినావు?”

“నల్లరాయి.”

“షావుకారమ్మకి నల్లరాయి, మనకేమో రేకులు. బాగున్నాది.”

పోతురాజు నవ్వబోయి మానుకున్నాడు.

చివరికి వంటగది మిగిలింది. లక్ష్మణమ్మ పొయ్యిగట్టు ముందు నిలబడి చేతులు ఆనించింది. మోచేతులు హాయిగా వంగాయి. నడుం వంచే పనే లేదు. చెయ్యి చాస్తే పోపులపెట్టె గూడు. మడమ ఎత్తకుండానే పై అలమర అందింది. కిటికీలోంచి వీధి మలుపు దాకా కనబడుతోంది. గంజి వారుస్తూనే కూరలబండి వాడిని కేకెయ్యొచ్చు. ఎన్ని ఇళ్ళకు తట్టలు మోసింది, ఎన్ని వంటగదులు చూసింది! కొలతలు తీసి జాకెట్టు కుట్టినట్టు కట్టిన గది మాత్రం ఎక్కడా చూడలేదు.

ఓలమ్మ, మగాడు ఊరికే కడతాడా ఇలాగ? మనసులో మనిషిని పెట్టుకోకుండానే?

“బావా, ఇటు సూడు. ఈ గట్టు ఎత్తు నీకు ఎవులు సెప్పినారు?”

“ఎవులూ సెప్పలేదు. నాకే తోసినాది.”

“ఓహో, తోసినాదా! ఆ గూడు కూడా తోసినాదా? ఆ కిటికీ కూడా తోసినాదా?”

“పాతికేళ్ళయిపోనాది కదే. ఇప్పుడెందుకవన్నీ?” పోతురాజు తల దించుకుని, కాలి బొటనవేలితో నేల మీద రాశాడు.

ఆ సిగ్గు చూశాక ఆమెకు అనుమానమే మిగల్లేదు. కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. తన పక్కన పడుకుని, దాని చెయ్యి ఎందాకా అందుతుందో, దాని నడుం ఎంత ఎత్తో లెక్కలు కట్టుకున్నాడన్నమాట. తాను మాత్రం ఇవాళ్టికీ షెడ్డులో నేల మీద గొంతుక్కూచునే వండుతోంది.

“నాకొద్దీ ఇల్లు. ఇంకో ఆడదానికి కొలిసి కట్టిన గదిలో నాను మెతుకు వండను. కొత్తవలసోలికే ఇచ్చుకోమను.”

“ఒసే, నా మాట ఇను...”

“ఇనను. ఆ షెడ్డులోనే సస్తాను గానీ ఇక్కడికి రాను.”

ఇంతలో బయట ఆటో ఆగింది. రాజకుమారి అడుగుల చప్పుడు వినబడింది. లక్ష్మణమ్మ ఆమెను ఏనాడూ చూసింది లేదు. కళ్ళు తుడుచుకుని, కొంగు నడుముకు దోపి, గట్టుకు ఆనుకుని తయారుగా నిలబడింది.

“ఇల్లు మాకొద్దమ్మా” అనేసింది మనిషి గుమ్మంలోకి రాకముందే. “ఈ వంటగది మీకోసం కట్టినాది. మీరే ఏలుకోండి.”

రాజకుమారి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. గట్టును చూసింది. దాని పక్కన నిలబడ్డ మనిషిని కింది నుంచి పైదాకా చూసింది. ఫక్కున నవ్వింది.

“నాకోసమేటమ్మా, తాడిచెట్టులాంటి దాన్ని, దీనిమీద వండి వండి పాతికేళ్ళుగా నడుం పడిపోతుంటే! నేను పురిటికెళ్ళి వచ్చేసరికే ఇదంతా కట్టేసి, ఇంత పొట్టిగట్టు ఎవరికోసమయ్యా అని అడిగితే, ‘తప్పయిపోనాదమ్మా, కట్టినంతసేపూ మా లక్ష్మణమ్మే కళ్ళముందున్నాది’ అన్నాడు మీ ఆయన.”