పోలమ్మ కత్తిపీట

కాకినాడ చేపల బజారులో చేపలు కోసే పోలమ్మకు వేలు తెగి నెలైనా గాయం మానలేదు. బజారులో సగం మందికి ఉన్నట్టే ఆమె గుండె రక్తనాళంలోనూ కొత్తరకం స్టెంటు ఉంది. అది వదిలే మందు ఒళ్లంతా తిరిగి, కణాలను పెరగమని చెప్పే ప్రొటీన్ల నోరు నొక్కేస్తుంది. లేకపోతే రక్తనాళం గోడ మందమై మళ్లీ మూసుకుపోతుంది. అయితే గాయం మానాలన్నా ఆ ప్రొటీన్లే కావాలి.

"స్టెంటు మందు ఫోన్లోంచే కొన్నాళ్లు ఆపుకోవచ్చంట అత్తా," అంది కోడలు నూకరత్నం ఫోను చూస్తూ.

"ఈలోగా నాళం పూడిపోతేనో?"

"పూడిపోవచ్చని కూడా రాసుంది."

పోలమ్మ కాసేపు కత్తిపీట వంక చూసింది. ఇన్నేళ్లుగా దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు.

"ఆపొద్దు. ఇక్కడ నువ్వు కూకో," అని లేచి పక్కకు జరిగింది.

నూకరత్నం కోసిన మొదటి వంజరం ముక్కలు వంకరటింకరగా వచ్చాయి. కొనడానికొచ్చిన ఆవిడ ముఖం చిట్లించింది.

"కూరలో ఉడికాక వంకర కనపడదులేమ్మా," అంది పోలమ్మ, బాగున్న చేత్తో ముక్కలు సంచిలో వేస్తూ.