వాలు మీద గడ్డి

"గీ గడ్డి చాపల మీద టార్పాలిన్ కప్పిందెవరు?"

సైట్ మేనేజర్ దినేశ్ అరుపుకు కూలీలంతా పారలు వదిలి నిలబడ్డారు.

"నేనే సారూ. ఎండకు ఎండిపోతయని కప్పిన" అంటూ సత్తవ్వ ముందుకొచ్చింది.

కోరుట్ల శివారులో కడుతున్న ఆ రిసార్టులో గోల్ఫ్ మైదానం పని చివరికొచ్చింది. క్లబ్ హౌస్ ఎదుటి వాలు మీద పరచడానికి, వేళ్లూ మట్టితో సహా కోసి చాపల్లా చుట్టిన గడ్డి లారీలో వచ్చి రెండు రోజులైంది. దినేశ్ ఒక చుట్ట విప్పాడు. గుప్పున ఆవిరి, వెనకే కుళ్లు వాసన. గడ్డి ఉడికిన తోటకూరలా మెత్తబడి ఉంది.

"బుద్ధి లేదా నీకు? కప్పిపెడితె లోపల ఉడుకు పుడ్తదని తెల్వదా? యాభై దినాలల్ల ఓపెనింగున్నది. ఇంకో లోడు దొరకాల్నంటె రెండు నెలలు పడ్తది!"

ఆమెకు తెలుసు. తెలిసే కప్పింది.

"ఇత్తనం జల్లుదాం సారూ. మిరుగం కార్తె వానలు పడుతున్నయి గద. యాభై దినాలల్ల నిండ కమ్ముకుంటది."

"వాలు మీద ఇత్తనం ఆగుతదా? ఒక్క వానకు కొట్టుకపోతది."

"పైన వరిగడ్డి కప్పుదాం. మొలిచినంక తీసేద్దాం. నాది పూచీ."

దినేశ్ ఆమెను ఎగాదిగా చూశాడు. మూడు నెలల కింద ఇదే మైదానంలో మోటరు తీగ తగిలి చనిపోయిన మొగిలయ్య భార్య ఈమేనని అతనికి తెలియదు. 'వాడు మా కూలి కాదు, మోటరు ఎత్తుకపోను వచ్చిన దొంగ' అని అందరికీ చెప్పి చేతులు దులుపుకున్నాడు తప్ప, కథలాపూర్‌లోని ఆ ఇంటికి ఎన్నడూ పోలేదు.

"సరే, జల్లు. మొలవకపోతె నిన్ను గా వాలుమీదనే పాతిపెడ్త" అన్నాడు.

మూడు రోజుల పని. ఆరుగురు ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని విత్తనం చల్లారు. వాలు నడి భాగం సత్తవ్వ తానే తీసుకుంది. ఆమె కొంగు ముడిలో వేరే గింజలున్నాయి. రాగులు. కొడవలి కొనతో నేల మీద పొడుగాటి గీతలు గీసి, వాటిలో రాగులు ఒత్తుగా పోసి, మట్టి కప్పుతూ పోయింది. బడి మొహం చూడని ఆమెకు ఆ గీతలు ఎక్కడ వంచాలో, ఎక్కడ ఆపాలో బిడ్డ సౌమ్య వారం రోజులు వాకిట్లో కూర్చోబెట్టి నేర్పింది.

తలెత్తేసరికి మైమూనా బీ తననే చూస్తోంది. రాయికల్ నుంచి రోజూ బస్సులో వచ్చే పెద్దామె. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు.

"ఏం జల్లుతున్నవ్ సత్తవ్వా?"

"గడ్డి ఇత్తనమే, ఆపా."

మైమూనా బీ ఆ కొంగు ముడిని చూసింది. తన బుట్ట ఎత్తుకుని వాలు అవతలి కొసకు వెళ్లిపోయింది.

ఆమె ఎవరికైనా చెప్పేస్తుందేమోనని ఆ రోజు నుంచి సత్తవ్వకు భయమే. ఒకసారి దినేశ్ మైమూనా బీని పక్కకు పిలిచి ఏదో చెబుతుంటే తన గుట్టు బయటపడిందనే అనుకుంది. తీరా చూస్తే, వరిగడ్డి తీసేయమని చెప్పడానికి పిలిచాడు.

గడ్డి బాగా మొలిచింది. రాగి మొక్కలూ దానితో పాటే లేచాయి. మిషన్ పెట్టి అంతా ఒకే ఎత్తుకు కోశారు. కింద నిలబడి చూస్తే ఏ తేడా తెలియడం లేదు. క్లబ్ హౌస్ పై అంతస్తు బాల్కనీకి మాత్రం రంగులేసేవాళ్లు కట్టిన పరదా ఇంకా తీయలేదు.

"చాపలొద్దని నేనే ఇత్తనం జల్లిపిచ్చిన సార్" అని దినేశ్ ఓనరుతో ఫోన్‌లో చెప్పుకుంటుంటే సత్తవ్వ పళ్లు బిగించి విన్నది.

ఓపెనింగ్ రోజు పొద్దున జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి పెద్దవాళ్లు వచ్చారు. ఓనరు వాళ్లను బాల్కనీలోకి తీసుకెళ్లి పరదా లాగించాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. లేత పచ్చ వాలు నడుమ ముదురు పచ్చని అక్షరాలు నాలుగు.

"మొగిలయ్య..." చదివాడు ఓనరు. "ఎవరీ మొగిలయ్య?"

ఓనరు పక్కన నిలబడ్డ దినేశ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. కింద వరసలో నిలబడ్డ సత్తవ్వ ముందుకు నడిచింది.

"నా పెనిమిటి సారూ! గీ దినేశ్ సారు కిందనే కూలి జేసిండు. తెగిన మోటరు తీగెకు అతుకేసుడు చాతగాక నా మొగణ్ని సంపి, దొంగ అని పేరు పెట్టిండు. అందరు సూడాల్నని గా పేరు నేనే మొలిపిచ్చిన!"

"అబద్ధం సార్, దీన్ని నమ్మకుండ్రి..." దినేశ్ మాట పూర్తి కాలేదు.

"మరి గా కొసకున్నదేంది? ఉర్దూ అక్షరాలున్నయి!" అని బాల్కనీలో ఎవరో చెయ్యి చాపారు.

సత్తవ్వ చప్పున వెనక్కి తిరిగింది. అటు వైపు ఆమె ఒక్క గింజ కూడా వేయలేదు. వరసలోంచి మైమూనా బీ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. మొహమెత్తి, బాల్కనీకి వినబడేలా గట్టిగా చెప్పింది:

"ఫహీమ్. నా కొడుకు. మొగిలయ్య కన్న నెల ముందుగాల... గదే మోటరు."