చిల్లర మేజోడు

ఓడ దిగే రోజు పొద్దున పక్క గది ఆవిడ గుప్పెడు బిళ్లలతో నా గదికొచ్చింది.

"గది తుడిచే అమ్మాయికి ఇవిచ్చేద్దామనుకుంటున్నా అక్కయ్యగారూ. నాలుగు రేవుల్లో మిగిలిన చిల్లర. మనకెలాగూ పనికిరాదు."

"మనకి పనికిరానిది ఆ పిల్లకి పనికొస్తుందా? డబ్బు మార్చేవాళ్లు పరాయి దేశం బిళ్లలు ముట్టుకోరండీ. ఓడలో నడిచే డబ్బే ఇవ్వండి, నోట్లుగా."

"ఆ పిల్లనే అడిగాను. ఏదైనా ఫరవాలేదంది."

"అడిగితే అలా అనమని వాళ్లకి నేర్పుతారు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఎన్ని ఓడలెక్కారేంటి మీరు?"

"ఇదొక్కటే."

నా నోట్లు రెండు ఆవిడ చేతిలో పెట్టి, బిళ్లలు తీసుకున్నాను. "మీకు బేరం రాదు సుమండీ!" అని నవ్వుతూ వెళ్లింది. నోట్లు ఆ పిల్లకే ఇచ్చిందా లేదా అని తలుపు సందులోంచి చూశాను. ఇచ్చింది.

మా చిన్నమ్మాయి ఈ ఓడలోనే గదులు తుడిచేది. ఈ సంగతులన్నీ ఫోన్లో చెప్పింది తనే. పోయినేడు జ్వరమొచ్చి చనిపోయింది. కంపెనీవాళ్లు పెట్టె పంపారు. అందులో రెండు జతల యూనిఫాం, ఒక జత మేజోళ్లు. ఒక మేజోడు నిండా బిళ్లలే, మూతి ముడేసి ఉంది. మూడు బ్యాంకులు తిరిగాను. ముడి విప్పకుండానే వద్దన్నారు. కంపెనీవాళ్లిచ్చిన పరిహారంతో ఈ టికెట్టు కొన్నాను, పాప తుడిచిన గదులు చూద్దామని.

మేజోళ్లు వెంట తెచ్చుకున్నాను. ఆవిడిచ్చిన బిళ్లలు కూడా అందులోనే వేద్దామనుకున్నాను. కానీ ఆ ముడి పాప వేసింది.

రెండో మేజోడు తీశాను.