కారు కింద కుక్క

కార్లో మంటలు రావచ్చని, వెంటనే షోరూంకు తెమ్మని కంపెనీ మూడుసార్లు మెసేజ్ పెట్టింది. శ్యాంసుందర్ నవ్వేశాడు.

"పిల్లలు పండుకునే అర్ర పక్కకే ఉన్నది. బయట పెట్టరాదుండ్రి," అంది భార్య జమున.

"నాలుగేండ్ల సంది నడుపుతున్న. నా బండి సంగతి నాకెరుక లేదా? ఫికర్ జెయ్యకు."

ఖానాపూర్‌లో ఆ రాత్రి ఎముకలు కొరికే చలి. తలుపు గడియ పెట్టబోతూ చూస్తే, వీధికుక్క కారు కింద వెచ్చగా ముడుచుకొని పడుకుంది. అప్పుడే ఆగిన బండి కిందికి ఇంజను వేడి కోసం చేరడం దానికి అలవాటే.

"చూసినవా, కుక్కకు లేని భయం నీకెందుకు?"

పడుకున్నాక గుర్తొచ్చింది. కారు బయటికి తీయక నాలుగు రోజులైంది.

లేచి కిటికీ తెరిచాడు. ఎక్కడా చప్పుడు లేదు. కుక్క ఒళ్లు దులుపుకొని, గేటు సందులోంచి ఆ చలిలోకే పరుగెత్తింది.