కంచె అవతల పడ్డది

“ఎంతుంటుంది?” అడిగాడు భాటీ.

“మేకపిల్లంత, హుకుం.”

“చప్పుడు?”

“కందిరీగల తుట్టె కదిలినట్టు. నాలుగు రెక్కలు. ఓ పక్క ఎర్ర దీపం, ఓ పక్క పచ్చ దీపం. నిన్న పొద్దు గుంకే వేళ కోట మీదుగా వచ్చి, ఛావనీ వైపు తిరిగి, కంచె అవతల తుమ్మపొదల్లో పడింది.”

ఎడారి ఊరైన లాఖాసర్ పోలీసు చౌకీలో సబ్ ఇన్‌స్పెక్టర్ కిశోర్ సింగ్ భాటీ టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఎదురుగా నిలబడ్డ జోగారామ్ ఒంటెల కాపరి. ఎర్ర తలపాగా, చెవులకు పోగులు, చేతిలో కర్ర. ఖాకీ బట్టలు కనిపిస్తే చాలు, ‘అయ్యా’ అన్నట్టు ‘హుకుం’ అంటాడు. మొన్న సంతలో భాటీయే మైకు పట్టుకుని ఊదరగొట్టాడు. కోట దగ్గర గానీ, సైన్యం ఛావనీ దగ్గర గానీ డ్రోన్లు ఎగరేయకూడదు. కందిరీగల మోత వినిపించినా, నాలుగు రెక్కలూ ఎర్ర పచ్చ దీపాలూ కనిపించినా వెంటనే చౌకీకి చెప్పాలి. చెప్పినవాడికి సన్మానం, పట్టించుకోని పోలీసుకు బదిలీ. ఈ చివరి ముక్క మాత్రం మైకులో చెప్పలేదు. పైవాళ్ళు తనకు విడిగా చెప్పారు.

“నిన్న పొద్దున ఒంటె తప్పిపోయిందని నా బుర్ర తిన్నది నువ్వే కదూ?”

“నేనే, హుకుం. నా లాడో. అడుగులు సైన్యం కంచె దాకా ఉన్నాయి. అక్కడ తీగ తెగి ఉంది. లోపలికెళ్ళిపోయింది.”

“నేనేం చెప్పాను?”

“పోలీసులున్నది ఒంటెల్ని వెతకడానికి కాదన్నారు. కంచె దాటితే కాల్చేస్తారన్నారు. జిల్లా ఆఫీసులో అర్జీ పెట్టుకుంటే నెలలో పర్మిషన్ వస్తుందన్నారు.”

“మరి?”

“తొలిచూలు, హుకుం. నెల దాకా ఈనకుండా ఎలా ఆగుతుంది? లోపల చుక్క నీళ్ళు లేవు. ఊరకుక్కలు ఆ కంతలోంచే దూరుతున్నాయి. పిల్లని పీక్కుతింటాయి. అందుకే బయట కూర్చుని పిలుస్తున్నా. అప్పుడు కనిపించింది.”

“ఒంటెనా?”

“డ్రోన్, హుకుం.”

కానిస్టేబుల్ పూనమ్‌చంద్ కిసుక్కున నవ్వాడు. “సాబ్, ఈ కాకాకి పగలే ఆవుకీ గేదెకీ తేడా తెలీదు. వదిలెయ్యండి.”

“వదిలేస్తే రేపు బదిలీ అయ్యేది నువ్వా, నేనా?” అంటూ భాటీ ఫోను అందుకున్నాడు.

టీ చల్లారేలోగా ఛావనీ నుంచి జీపులు బయల్దేరాయి. మేజర్ థాపా స్వయంగా వచ్చాడు. కంచె గేటు తెరిచారు. సైనికులు చేతికి చేయి అందే దూరంలో వరసగా నిలబడి పొద పొదా గాలించడం మొదలుపెట్టారు. చూసినవాడు ఒక్కడే కాబట్టి జోగారామ్‌ని ముందు నడవమన్నారు. అతను తల వంచుకుని ఇసుకలోకి చూస్తూ, ఎక్కడా తడుముకోకుండా నడిచాడు.

“పైనుంచి పడ్డదానికి అడుగులు వెతుకుతావేంటి, కాకా?” అన్నాడు భాటీ చెమట తుడుచుకుంటూ.

“పడ్డాక నేలమీదే కదా ఉంటుంది, హుకుం.”

జమ్మిచెట్ల గుంపు దగ్గర ఓ జవాను విజిల్ వేశాడు. “దొరికింది!”

అందరూ పరుగెత్తారు. చెట్టు కింద ఆడ ఒంటె నిలబడి ఉంది. దాని కాళ్ళ మధ్య, ఇంకా తడి ఆరని పిల్ల లేవబోయి కూలబడుతోంది. కాస్త దూరంలో నాలుగు కుక్కలు నాలుకలు చాపుకుని కాచుక్కూర్చున్నాయి. జోగారామ్ కర్ర విసిరి వాటిని తరిమేశాడు. ఒంటె మెడ వాటేసుకుని, ఇంతమంది చూస్తున్నారన్న సిగ్గు లేకుండా భోరుమన్నాడు.

“లాడో! నా తల్లీ! బతికించావే నన్ను!”

జవాన్లు తమ సీసాల్లో నీళ్ళన్నీ ఓ ఇనుప టోపీలో పోసి ఒంటెకు పట్టారు. మేజర్ మాత్రం నవ్వలేదు.

“చాలా సంతోషం, ఎస్సై గారూ. డ్రోన్ ఏది?”

భాటీ ముఖంలో నెత్తురు చుక్క లేదు. జోగారామ్‌ని రెక్క పట్టుకుని పక్కకు లాగాడు. “నిజం కక్కు! నీ ఒంటె కోసం సైన్యాన్నంతా ఎండలో ఊరేగించావా? దొంగ సమాచారం ఇస్తే ఏమవుతుందో తెలుసా? ఏళ్ళ తరబడి లోపల కూర్చుంటావు. అప్పుడు నీ లాడోని ఎవడు మేపుతాడు?”

జోగారామ్ పిల్లకేసి చూశాడు. గొంతు సవరించుకున్నాడు. “హుకుం, నేను...”

“సాబ్! సాబ్!”

అవతలి పొదల్లోంచి పూనమ్‌చంద్ రొప్పుతూ వస్తున్నాడు. తేలుని పట్టుకున్నట్టు, తువ్వాల్లో ఏదో పట్టుకుని వస్తున్నాడు. నల్లగా ఉంది. నాలుగు రెక్కలు, ఒకటి విరిగింది. రెక్కల సందున సాలెగూడు. కదిపితే లోపల్నుంచి దోసెడు ఇసుక, దాని వెనకాలే ఓ బల్లి బయటికొచ్చాయి.

“మా ఇసుకగాలి అలాంటిది, మేజర్ సాబ్! ఒక్క రాత్రికే ఎలా కప్పేసిందో చూడండి,” అన్నాడు భాటీ. అతని ప్రాణం లేచొచ్చింది. “నేను చెప్పలేదూ? మా జోగా కాకా మాటంటే మాటే!”

మేజర్ జోగారామ్‌తో చేయి కలిపాడు. ఇలాంటి కళ్ళు ఊరికొక జత ఉంటే చాలన్నాడు. ఒంటెనీ పిల్లనీ ఇంటికి చేర్చడానికి సైన్యం లారీ పిలిపించాడు. సంతలో శాలువా కప్పి సన్మానం చేస్తానని భాటీ అందరిముందూ ప్రకటించాడు. ఫోటో కోసం డ్రోన్‌ని తెచ్చి జోగారామ్ చేతిలో పెట్టాడు.

“సరిగ్గా చూసి చెప్పు, కాకా. నిన్న నువ్వు చూసింది ఇదేనా?”

జోగారామ్ దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. రెక్కని వేలితో మెల్లిగా తట్టి చూశాడు.

“ఇదే, హుకుం.”

డ్రోన్ అనేదాన్ని అతను చూడడం అదే మొదటిసారి.