సగం ముఖం

నైలు నది పొంగి చర్చి బలిపీఠం మెట్టు తడిపిన ఏడాది అది. నీళ్లు తీశాక పాత గోడ కుంగింది. ఏ కాలంలో ఎవరు పెట్టారో, ఆ గోడలో పైకి కనబడేలా పొదిగి ఉన్న చలవరాతి ముక్క ఒకటి ఊడిపడింది. ఒక చెంప, ముక్కు, సగం పెదవి. అంతే.

చర్చిలో పాట ఎత్తే బిసాదాకు ఆ ముక్కే అమ్మ. కన్నతల్లి పురిట్లోనే పోయింది. "మీ అమ్మ అచ్చం ఇలాగే ఉండేదిరా" అని చిన్నప్పుడు నాయనమ్మ చంకనెత్తుకుని చెప్పింది. అప్పట్నుంచి తెల్లవారగానే ఆ చెంప నిమిరితేగాని అతనికి గొంతు పెగలదు.

"ఆ రాతి చెంప మీదున్న ప్రేమ నా మీద ఎన్నడన్నా ఉందా?" అని భార్య ఇస్తీర్ దెప్పేది. అతను నవ్వేవాడు.

గోడ చూడవచ్చిన సర్కారు అధికారి ఆ ముక్కను గుడ్డలో చుట్టించాడు.

"కైరో మ్యూజియంలో పెడతాం. లోకమంతా చూస్తుంది."

"మరి నేనో బాబూ?" అన్నాడు బిసాదా.

"నువ్వూ వచ్చి చూడు. ఎవరొద్దన్నారు?" అన్నాడు అధికారి తలెత్తకుండానే.

ఆనాటి నుంచి పాట మధ్యలో తెగిపోసాగింది. ఓ ఆదివారం అసలు మొదలే కాలేదు. పూజ చేసే అబూనా మెల్లిగా అన్నాడు.

"వేరే గొంతు వెతుక్కోమంటావా బిసాదా?"

రొట్టెల మూట కట్టుకుని మొగుడూ పెళ్లాం రైలెక్కారు. కైరో వీధుల్లో ఇస్తీర్ అతని చెయ్యి వదల్లేదు.

"కొత్త పెళ్లికూతురు ఎక్కడికో!" అని బండివాడొకడు వెక్కిరించాడు.

"నీకెందుకురా ఏడుపు? నీ గాడిదను చూసుకో" అంది.

మ్యూజియంలో ఆ ముక్క ముందుకు తీసుకెళ్లి నిలబెట్టింది. బిసాదా చెయ్యి చాచాడు. వేళ్లు గాజుపెట్టెకు తగిలాయి.

"ముట్టుకోకు పెద్దాయనా!" అని కావలివాడు అరిచాడు. "పొద్దుగూకేదాకా చూసుకో. కళ్లారా చూసుకో. కాదన్నవాడెవడు?"

ఇస్తీర్ వెళ్లి అతని చెవిలో ఏదో చెప్పింది. కావలివాడి మొహం వాడిపోయింది.

"తాళంచెవి పై అధికారి దగ్గరుంటుందమ్మా. నేనేం చెయ్యను?"

బిసాదా రెండు అరచేతులూ గాజుకు ఆనించి నిలబడ్డాడు. అదీ తప్పే. కావలివాడు అటు తిరిగిపోయాడు.

తలుపులు మూసే వేళకు ఇస్తీర్ భుజం తట్టింది. "పోదామా?"

"పద."

రాత్రి బండికి తిరిగొచ్చేశారు.

మర్నాడు తెల్లవారుజామున చర్చిలో, రాయి ఊడిన గుంటలోకి అలవాటు చొప్పున వేళ్లు పోనిచ్చి, నోరు తెరిచి, పాట రాక అలాగే నిలబడిపోయాడు పుట్టుగుడ్డి బిసాదా.