మూలన మిరపకాయ

“ఈ అద్దం అతుక్కుపోతుందండి,” అంది కృపాజ్యోతి, కంప్యూటర్ తెర మీది బొమ్మ చూసి.

భవానీప్రసాద్‌కి ఒళ్లు మండింది.

నందిగామ ఇంజనీరింగ్ కాలేజీలో అతను పదేళ్లుగా లెక్చరర్. ఆమె జగ్గయ్యపేట నుంచి బస్సులో వచ్చిపోయే తాత్కాలిక లెక్చరర్. చేరి రెండు నెలలే. అప్పుడే పిల్లలంతా డౌట్లకి ఆమె దగ్గరికే పోతున్నారు. అతను కళ్లల్లో నిప్పులు పోసుకుంటున్నాడు.

అతను గీసింది ఆవగింజలో సగం ఉండే అద్దం. అలాంటివి చిప్పుకి పదహారు. కరెంటు ఇస్తే వంగి, ఒక ఫైబర్‌లోంచి వచ్చే వెలుగుని ఇంకో ఫైబర్‌లోకి మళ్లించాలి. బెంగళూరు ల్యాబులో చిప్పు చేయించుకోవడానికి ఒక్కటే అవకాశం. అది పనిచేస్తేనే పీహెచ్‌డీ.

“ఎందుకు అతుక్కుంటుంది?”

“చివర్లో కడిగి ఆరబెడతారు కదండీ. తడి కంచాలు ఒకదాన్నొకటి పట్టేసినట్టు అడుగుని పట్టేస్తుంది. కింద చిన్న బొడిపెలు పెట్టండి, చాలు.”

నిజమే అనిపించింది. అదే భరించలేకపోయాడు.

ఆమెని మైక్రోస్కోపు దగ్గరికి తీసుకెళ్లి, ల్యాబులో ఎన్నాళ్లుగానో ఉన్న అలాంటి అద్దాల చిప్పు చూపించాడు.

“పనంటే ఇదీ! దీన్ని చూసే నేర్చుకున్నా. ఇది చేసినవాళ్లు చెప్తే వింటా.”

చిప్పు మూలన, సంతకంలా, తొడిమ ఎడమకి వంగిన బుల్లి మిరపకాయ. దాన్ని చేసింది మెక్సికో వాడెవడో అయ్యుంటాడని పిల్లలకి చెబుతుంటాడు. కిటికీ అవతల చూస్తే అన్నీ మిరప తోటలే.

కృపాజ్యోతి చాలాసేపు చూసింది.

“దీంట్లోనూ ఓ తప్పుందండి. అద్దం వంగే ఎడమ కీలు మరీ మందమైంది.”

గురువు పనికే వంకలా!

ఆ సాయంత్రమే ప్రిన్సిపాల్‌తో చెప్పాడు, ఆమెని కొనసాగించొద్దని. అది అసూయేనని అతనికి తెలుసు. అయినా చెప్పాడు.

వెళ్లేరోజు ఆమె ఓ కాగితం చుట్ట అతని బల్ల మీద పెట్టింది.

“ఖాళీగా ఉన్నప్పుడు చూడండి సార్.”

విప్పకుండానే సొరుగులోకి తోసి, తన బొమ్మనే బొడిపెల్లేకుండా బెంగళూరు పంపించాడు.

నాలుగు నెలలకి బెంగళూరు నుంచి చిప్పు వచ్చింది. పదహారు అద్దాలూ అడుగుకి అతుక్కుపోయి ఉన్నాయి. కరెంటు ఇస్తే ఒక్కటీ కదల్లేదు.

సొరుగు లాగి, ఆమె ఇచ్చిన కాగితం విప్పాడు.

అతని అద్దాన్నే పెన్సిల్‌తో మళ్లీ గీసింది. కింద వరసగా బొడిపెలు పెట్టింది.

“మీ ల్యాబులో ఉన్న చిప్పులో ఒకప్పుడు నేను చేసిన తప్పే మీ దాంట్లోకీ వచ్చిందండి, ఇందులో ఎడమ కీలు సన్నం చేశా” అని రాసి, సంతకం చోట తొడిమ ఎడమకి వంగిన మిరపకాయ వేసింది.